ఒక్క గుద్దుకు ఎద్దు చస్తుందా? మాస్ ఒయామా కథ గురించి నాకు తెలిసింది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అబ్బాయి కరాటే క్లాసులో మాస్టారు, జపాన్‌లో మాస్ ఒయామా అనే గురువు 52 ఎద్దులతో ఉత్త చేతులతో పోరాడాడని, మూడింటిని ఒక్కో దెబ్బకే చంపాడని చెప్పారు. అప్పటి నుంచి మావాడు వీధిలో ఆంబోతు కనబడితే చాలు, ఎదురుగా స్టాన్స్ (పోరుకు సిద్ధపడే కరాటే భంగిమ) తీసి నిలబడుతున్నాడు. ఈ కథ నిజమేనా? మనిషి నిజంగా ఎద్దును కొట్టి పడేయగలడా?"

ముందు మీ అబ్బాయి సంగతి. ఆంబోతు ముందు స్టాన్స్ తీయడం ఈ రోజే మాన్పించండి. దానికి ఎదురుగా, కదలకుండా, కళ్ళలోకి చూస్తూ నిలబడటం అంటే దాని లెక్కలో కయ్యానికి కాలు దువ్వడమే. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే ఆ ఆంబోతు మెతకది కాబట్టి, అంతే. మిగతా కథంతా తర్వాత చదువుకోవచ్చు, ముందు వాణ్ణి పిలిచి ఈ ఒక్క ముక్క చెప్పండి.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా కరాటే నేర్చుకుంటూ, నేర్పుతూ ఉన్నాను. అంతకు ముందు నా బాల్యమంతా ప్రకాశం జిల్లాలో, ఒంగోలు గిత్తల మధ్య గడిచింది. మా నాన్న బండలాగుడు పందేలకు కోడెలను పెంచేవారు. ఈ ప్రశ్నకు రెండు వైపులూ నాకు దగ్గరివే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఒయామా కల్పిత పాత్ర కాదు. 1923లో కొరియాలో పుట్టారు, అప్పుడది జపాన్ పాలనలో ఉండేది. పుట్టినప్పటి పేరు చోయ్ యోంగ్ ఉయ్. కుర్రతనంలోనే జపాన్ చేరి, గిచిన్ ఫునకోషి అనే గురువు దగ్గర షోటోకాన్, తర్వాత గోజు ర్యూ అనే కరాటే పద్ధతులు నేర్చుకున్నారు. కొండల్లో ఒంటరిగా నెలల తరబడి సాధన చేశారు. క్యోకుషిన్ అనే పద్ధతిని స్థాపించారు. 1964లో దానికి అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. చేతులకు గ్లవ్స్ లేకుండా, ఒంటి మీద నిజంగా దెబ్బ తగిలేలా కొట్టుకునే కరాటే అది. ముఖం మీద మాత్రం చేత్తో గుద్దకూడదు. 1994లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఇందులో పెద్దగా పేచీ లేదు.

ఇక ఎద్దుల కథ. ఆ పద్ధతి వాళ్లు చెప్పుకునే రూపంలో అది ఇలా ఉంటుంది: 1950 నుంచి ఆయన ఎద్దులతో తలపడ్డారు, మొత్తం 52, మూడు అక్కడికక్కడే చచ్చాయి, 49 ఎద్దుల కొమ్ములు చేతి అంచు దెబ్బతో ఊడిపోయాయి. 1957లో మెక్సికోలో ఒక ఎద్దు వీపులో పొడిస్తే ఆరు నెలలు మంచాన పడ్డారు. అంకెలు ఇంత కచ్చితంగా చెబితే వినేవాడికి నమ్మకం కుదురుతుంది. నేనూ పదిహేనేళ్ల వయసులో అలాగే నమ్మాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

కళ్ళతో చూడదగ్గ సాక్ష్యం అంటే, టోక్యో దగ్గర చిబా ప్రాంతంలోని తతెయామాలో 1950ల్లో తీసిన ఫిల్మ్ ఒక్కటి. అందులో ఆయన ఒక పశువు కొమ్ములు పట్టుకుని పెనుగులాడటం, కొమ్ము మీద చేతి అంచుతో కొట్టడం కనిపిస్తాయి. ఆయన చేతి పట్టు, నడుము బలం చూస్తే గౌరవం కలుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఒక్క గుద్దుకు కుప్పకూలి చచ్చే ఎద్దు అందులో లేదు.

ఆయన తొలి విదేశీ శిష్యుల్లో ఒకరు, నెదర్లాండ్స్‌కు చెందిన యోన్ బ్లూమింగ్, తర్వాతి కాలంలో ఈ విషయం బాహాటంగానే చెప్పారు. ఒయామా దగ్గరే ఉండే కెంజీ కురొసాకి ఆ ఘటనను స్వయంగా చూసి తనతో చెప్పారని బ్లూమింగ్ మాట. తెల్లవారుజామున పశువుల దొడ్డికి వెళ్లారట. అక్కడి పనివాళ్లు ముందుగానే ఒక ముసలి, బలిసిన ఎద్దు కొమ్మును సుత్తితో కొట్టి వదులు చేసి ఉంచారట. ఒయామా ఆ కొమ్మును ఊడగొట్టారు, ఎద్దును చంపలేదు. ఇది శిష్యుడు చెప్పిన మాట, కోర్టు తీర్పు కాదు. అయినా నాకు ఇదే నమ్మదగ్గదిగా తోస్తుంది. కారణం బ్లూమింగ్ మీద నమ్మకం కాదు, ఎద్దు కొమ్ము ఎలా ఉంటుందో తెలియడం.

మన భాషలో ఈ కథ వింటే ముందు రావలసిన ప్రశ్న: ఏ గొడ్డు? ఆంబోతు వేరు, ఎద్దు వేరు. విత్తులు కొట్టించి, ముక్కు కుట్టి ముకుతాడు వేసి, కాడి అలవాటు చేసినది ఎద్దు. పదేళ్లు బండి లాగిన ఎద్దు ముందు చిన్నపిల్ల నిలబడినా అది గడ్డి నములుతూనే ఉంటుంది. విత్తులున్న గిత్త, అదీ కొత్త మనిషిని చూసిన గిత్త, పూర్తిగా వేరే జీవి. జపాన్ వాళ్లు మామూలుగా వాడే 'ఉషి' అనే మాటలో ఆవు, ఎద్దు, గిత్త అన్నీ ఇమిడిపోతాయి. ఆ కథ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ప్రతిదీ 'బుల్' అయింది. మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, ఊహలో రంకెలేసే ఆంబోతును నిలబెట్టుకున్నాం.

కొమ్ము గురించి చెప్తాను. పైకి కనిపించేది మన గోరు లాంటి పదార్థంతో చేసిన తొడుగు. దాని లోపల ఎముక ఉంటుంది, ఆ ఎముకలో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పెద్ద పశువులో ఆ ఎముక లోపల బోలుగా ఉండి, నుదుటి వెనక ఉన్న గాలి గదితో కలుస్తుంది. కోడెలు కుమ్ముకున్నప్పుడో, కొమ్ము చెట్టు సందులో ఇరుక్కున్నప్పుడో ఆ తొడుగు ఊడివస్తుంది. మా ఊళ్లో రెండుసార్లు చూశాను. రక్తం ధారగా కారి ఒక కన్ను మూసుకుపోయింది, పశువు తల విదిలిస్తూ గోడకంతా నెత్తురు చల్లింది. మా నాన్న పసుపు, నూనె కలిపి గుడ్డ కట్టారు. ఆ రాత్రంతా కొట్టంలోనే కూర్చున్నారు. కొమ్ము ఊడగొట్టడం వినడానికి వీరత్వంగా ఉంటుంది గానీ, దగ్గర నుంచి చూస్తే ఒక మూగజీవి పడే నరకం అది. ముందే సుత్తితో వదులు చేసిన కొమ్మును ఊడగొట్టడానికి కరాటే అక్కర్లేదు కూడా.

సరే, నుదుటి మీద గుద్ది చంపడం సంగతి? పశువు మెదడు దాని కళ్ళ మధ్యలో ఉండదు, చాలామంది అక్కడే అనుకుంటారు. ఒక కంటి నుంచి ఎదుటి వైపు కొమ్ము మొదలుకు గీత గీసి, రెండో కంటి నుంచి అలాగే గీస్తే, అవి కలిసే చోటు వెనకాల ఉంటుంది. దాని ముందు దట్టమైన చర్మం, ఒక ఎముక పలక, మధ్యలో గాలి గది, మళ్లీ ఇంకో ఎముక పలక. సహజంగా వచ్చిన హెల్మెట్ అన్నమాట. కబేళాల్లో పశువును స్పృహ తప్పించడానికి పేలుడు మందుతోనో గాలి ఒత్తిడితోనో ఇనుప కడ్డీని పుర్రెలోకి దూర్చే యంత్రం వాడతారు, అదీ తల కదలకుండా బిగించి.

మనిషి స్పృహ తప్పేది ఎందుకంటే, దవడ మీద దెబ్బ తగలగానే తల గిర్రున తిరిగి లోపల మెదడు కదిలిపోతుంది. మన మెడ సన్నం, తల బరువు. గిత్తకు మెడే ఒక మానులా ఉంటుంది. రెండు గిత్తలు కుమ్ముకోవడం చూశారా? తలకు తల ఆనించి, ఒకదాని బరువు ఒకటి తోసుకుంటూ నిలబడతాయి. ఆ తాకిడి ముందు మన పిడికిలి ఎంత?

లెక్క కూడా చూద్దాం. 1985లో బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిచారు, సుమారు 4,100 న్యూటన్లు వచ్చింది. అంటే ఒక్క క్షణం పాటు 400 కిలోలకు పైగా బరువు మీద పడినట్టు. మనిషికి అది చాలా ఎక్కువే. అయితే గుద్దు క్షణంలో అయిపోతుంది. మంచి బాక్సర్ పిడికిలి సెకనుకు 9 మీటర్ల వేగంతో వస్తుంది, దాని వెనక పనిచేసే బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. ఆ శక్తి 120 జౌల్స్ చిల్లర. 500 కిలోల గిత్త సెకనుకు 5 మీటర్ల వేగంతో, అంటే తీరిగ్గా పరుగెత్తి వచ్చినా 6,250 జౌల్స్. యాభై రెట్లు. అది నిజంగా కోపంతో వస్తే వేగం రెండింతలవుతుంది, శక్తి నాలుగింతలు.

పాత రోజుల్లో కబేళాల్లో బరువైన సుత్తితో నుదుటి మీద కొట్టి పశువును పడగొట్టేవాళ్లు కదా, అని మీరు అడగొచ్చు. నిజమే. అందుకే "ఎప్పటికీ అసాధ్యం" అని నేను అనను. కట్టేసిన ముసలి పశువును, సరైన చోట, అసాధారణ బలమున్న మనిషి కొడితే అది తూలవచ్చు. కానీ ఇనుము విరగదు, పిడికిలి విరుగుతుంది. చిటికెన వేలి వెనకుండే సన్నటి ఎముక మనిషి దవడ మీద కొడితేనే విరిగిపోతుంటుంది. నా శిష్యుల ఎక్స్‌రేలు నేనే ఎన్నో చూశాను. పైగా కట్టేసిన పశువును కొట్టడాన్ని పోరాటం అని ఏ ఊళ్లోనూ అనరు.

ఒక అనుభవం చెప్తాను. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, బ్లాక్ బెల్ట్ వచ్చి కొన్ని నెలలే. రోజూ మకివారా (గుద్దుల సాధనకు వాడే చెక్క పలక) మీద వందల గుద్దులు. సెలవులకు ఊరెళ్లి, పొద్దున్నే మా కోడెకు దాణా పెడుతున్నాను. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన కోడె అది, గంగడోలు నిమిరితే మెడ చాచి నిలబడేది. గాడి పక్కన వంగి దాణా కలుపుతుంటే దాని పక్కటెముకల మీద జోరీగ వాలింది. దాన్ని తోలుకోవడానికి తల వెనక్కి విసిరింది. కోపం లేదు, నా వైపు చూడను కూడా లేదు. కొమ్ము కూడా తగల్లేదు, చెంప ఎముక తగిలింది. నేను గాడి మీదుగా ఎగిరి అవతల పడ్డాను. రెండు పక్కటెముకలు బీటలు వారాయి, ఆరు వారాలు గట్టిగా ఊపిరి తీసుకోలేకపోయాను. నేను కింద పడి ఉంటే అది వంగి నా జుట్టు వాసన చూసింది, తర్వాత దాణా తినడం మొదలుపెట్టింది. ఒయామా గారి 52 ఎద్దుల కథ మీద నా నమ్మకం ఆ ఉదయమే పోయింది.

మరి మనుషులు పశువును ఎప్పుడూ లొంగదీయలేదా అంటే, వేల ఏళ్లుగా లొంగదీస్తూనే ఉన్నారు. గుద్ది మాత్రం కాదు. భాగవతంలో నాగ్నజితి పెళ్లి కథ గుర్తు చేసుకోండి. కోసల రాజు పెట్టిన పరీక్ష ఏడు వృషభాలను లొంగదీయడం. కృష్ణుడు ఏడు రూపాలు ధరించి ఏం చేశాడు? తాళ్లతో కట్టి, పిల్లాడు కొయ్య బొమ్మలను లాగినట్టు లాగాడు. దేవుడైనా తాడే వాడాడు. ఆ కథ రాసినవాళ్లకు పశువు గురించి బాగా తెలుసు.

మా ఊరికి నాడాలు కొట్టడానికి ఒక పెద్దాయన వచ్చేవారు. అరవై దాటిన మనిషి, బక్క ప్రాణం, నలభై అయిదు కిలోలు కూడా ఉండరేమో. ఆరడుగుల మనుషులు ముగ్గురు పట్టుకోలేని కోడెను ఆయన ఒక్క మోకుతో పడుకోబెట్టేవారు. తాడు కొమ్ముల మొదట్లో కట్టి, వీపు మీదుగా తెచ్చి ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఒక మెలి, వెనక కాళ్ల ముందు పొట్ట చుట్టూ ఇంకో మెలి. తర్వాత వెనక నిలబడి మెల్లగా, ఆపకుండా లాగేవారు. కోడె ఒక క్షణం బిగుసుకునేది, తర్వాత దాని వెనక కాళ్లు వణికి, మోకాళ్లు మడిచి, పెద్ద నిట్టూర్పుతో ఒక పక్కకు ఒరిగేది. అప్పుడు నాలుగు కాళ్లూ కలిపి కట్టి, "అయిపోయిందిరా అయ్యా, అయిపోయింది" అంటూ నాడాలు కొట్టేవారు. దానికి ఒక్క దెబ్బ తగిలేది కాదు. నేను చూసిన వాటిలో అసలైన యుద్ధవిద్యకు దగ్గరగా ఉన్నది అదే.

అమెరికాలో బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్ ఉండేవారు, 1932లో చనిపోయారు. గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి, మెడ తిప్పి, ముట్టె పైకి లేపి పడేసేవారు. దాని పెదవిని పళ్లతో కొరికి పట్టుకునేవారు కూడా. ఆ విద్య ఇవాళ్టికీ అక్కడ రోడియో పోటీల్లో ఉంది. మెడ తిరిగితే ఒళ్లు తిరుగుతుంది, అదే కిటుకు. జూడో చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎద్దులతో అంత ఆడిన పికెట్ చివరికి పోయింది గుర్రం తన్ని.

పోర్చుగల్‌లో ఎనిమిది మంది వరసగా నిలబడి గిత్తను ఎదుర్కొంటారు. మొదటివాడు రెండు కొమ్ముల మధ్యకు దూకి తలను కౌగిలించుకుంటాడు, వెనకున్న ఏడుగురూ వచ్చి బరువు ఆనిస్తారు. దాని కొమ్ములకు తోలు తొడుగు వేసి ఉంటుంది. తమిళనాడు జల్లికట్టులో మూపురం పట్టుకుని వేలాడాలి, అంతే. కొట్టడం ఆటలోనే లేదు. మన చంద్రగిరి దగ్గర రంగంపేటలో సంక్రాంతి పశువుల పండుగకు కొమ్ములకు కట్టిన పలకలను లాక్కోవాలి. అక్కడి కుర్రాళ్లను అడిగి చూడండి, గిత్తను గుద్దుతామని ఒక్కడూ అనడు. ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలిసినవాడే అక్కడ మొనగాడు. అంత తెలిసినవాళ్లు కూడా ఏటా గాయపడుతూనే ఉంటారు.

స్పెయిన్‌లో అయితే చేతిలో కత్తి ఉంటుంది, ముందే బల్లేలతో పొడిచి గిత్త మెడ కండరాలను బలహీనం చేస్తారు. అయినా 1947లో మనోలెతే అంతటి పేరున్న మాటడార్ (బరిలో గిత్తతో తలపడేవాడు) తొడలో కొమ్ము దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. విక్టర్ బార్రియో 2016లో, ఇవాన్ ఫాందిన్యో 2017లో ఫ్రాన్స్ బరిలో, అలాగే పోయారు. మాడ్రిడ్ బుల్‌రింగ్ బయట పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ విగ్రహం ఉంది, మాటడార్లు కృతజ్ఞతతో పెట్టించుకున్నది. కొమ్ము పోటు లోపలికి మట్టి, పేడ, బట్ట ముక్కలు మోసుకుపోతుంది. పెనిసిలిన్ రాకముందు పోటు కన్నా ఆ తర్వాత వచ్చే చీము చాలామందిని చంపింది. జీవితమంతా గిత్తల మధ్య బతికేవాళ్లు ఎవరికి దండం పెట్టుకుంటారో చూడండి.

ఇంత చెప్పాక ఒయామా మోసగాడని మీరు అనుకుంటే నాకు బాధే. యుద్ధంలో ఓడిపోయిన దేశంలో, పరాయి జాతివాడిగా ముద్ర ఉన్న మనిషి, తన విద్యను నలుగురూ చూసేలా చేయాలనుకున్నారు. 1950ల్లో జనం ప్రదర్శనకే వచ్చేవారు. ఆ తర్వాత 1971 నుంచి 1977 దాకా ఆయన జీవితం మీద వచ్చిన ఒక మాంగా (జపాన్ బొమ్మల కథ) లక్షల మంది పిల్లలకు చేరి, చిన్న సంగతులను కొండంత చేసింది. నిజంగా బలమున్నవాడి చుట్టూనే ఇలాంటి కథలు అల్లుకుంటాయి. మన కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి కూడా ఊరికో కథ చెప్పుకుంటారు, ఆయన సర్కస్‌లో వేలమంది ముందు చేసి చూపించినవే చాలు కదా.

ఒయామా విషయంలోనూ అంతే. క్యోకుషిన్‌లో వంద మందితో వరసగా పోరాడే పరీక్ష ఉంది. 1965లో స్టీవ్ ఆర్నీల్, 1986లో అకియోషి మత్సుయి పూర్తి చేశారు. ఒక్కొక్కరితో ఒకటిన్నర, రెండు నిమిషాలు అనుకున్నా గంటల తరబడి, నిజమైన దెబ్బలు తింటూ. నలభై మంది దాటేసరికి కాళ్లు తెలియకుండా పోతాయని, తర్వాత ఏం జరిగిందో గుర్తుండదని చేసినవాళ్లు చెబుతారు. నేను నా జీవితంలో ముప్ఫై మందితో చేశాను, మర్నాడు అన్నం ముద్ద ఎత్తడానికి చెయ్యి లేవలేదు. అలాంటి శిష్యులను తయారుచేసిన గురువుకు సుత్తితో వదులు చేసిన కొమ్ము ఎందుకు చెప్పండి?

మీ మాస్టారితో గొడవ పెట్టుకోకండి. ఆయనకూ ఆయన గురువు ఈ కథే చెప్పి ఉంటారు. క్లాసు అయ్యాక విడిగా కలిసి, "సార్, మావాడు ఆంబోతు ముందు నిలబడుతున్నాడు, భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మంచి మాస్టారైతే మర్నాడే పిల్లలందరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఎద్దు కథ బదులు వంద మంది కథ చెప్పమనండి.

మీవాడికి పశువు భాష నేర్పండి, వాడికి ఇప్పుడు అదే ఎక్కువ అవసరం. గిత్త పక్కకు తిరిగి, వీపు విల్లులా వంచి, తన ఒళ్లంతా చూపిస్తూ నిలబడిందంటే బెదిరిస్తోందని అర్థం. చాలామంది అది వెళ్లిపోతోందనుకుంటారు. తల దించి, కాలితో మన్ను గీరి, బుస కొట్టి, కొమ్ములతో నేలను కుమ్మిందంటే తర్వాత వచ్చేది పరుగే. ఎర్ర చొక్కా సంగతి పట్టించుకోనక్కర్లేదు, పశువులకు ఎరుపు మనకు కనిపించినట్టు కనబడదు. వాటిని రెచ్చగొట్టేది కదలిక. అందుకని వీపు తిప్పి పరుగెత్తకూడదు, చేతులు ఊపకూడదు, అరవకూడదు. చూపు దాని మీదే ఉంచి, కళ్ళలో కళ్ళు పెట్టకుండా, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఆగి ఉన్న కారు వెనక్కో, చెట్టు వెనక్కో చేరుకోవాలి. మీ వీధిలో ఏ ఇంటి గేటుకు లోపల గడియ ఉందో, ఏ గేటు ఎప్పుడూ తాళం వేసి ఉంటుందో ఒక సాయంత్రం వాడితో నడిచి చూపించండి. మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు అలాగే దొడ్డి చుట్టూ తిప్పి, ఎక్కడెక్కడ నుంచి గోడ దూకొచ్చో చూపించారు.